తనతో తానే కాసిన పందెం

రామకోటి రాసే బామ్మగారిని "ఎవరు రాయమన్నారండీ?" అని అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటారు. లక్షవత్తుల నోము పట్టిన ఇల్లాలైనా అంతే. ఎవరూ పెట్టని పరీక్ష అది. నియమం తనదే, లెక్కా తనదే. అలాంటి దీక్ష కంప్యూటర్ ఆటలో కూడా ఒకరు పట్టారంటే నమ్ముతారా?

ఆ ఆట పేరు 'ఈవ్ ఆన్‌లైన్'. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ అనే సంస్థ 2003లో మొదలుపెట్టింది. దేశదేశాల వాళ్ళు వేలమంది ఒకేసారి, ఒకే అంతరిక్షంలో ఓడలు నడుపుతారు. వర్తకం చేసుకోవచ్చు, గనులు తవ్వుకోవచ్చు, జట్లు కట్టి కొట్టుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇందులో ఓడ పేలిపోయిందంటే పోయినట్టే. మళ్ళీ కొనుక్కోవలసిందే.

ఈ ఆటకి ఊరూవాడా పేరు తెచ్చినవి యుద్ధాలు. 2014 జనవరిలో జరిగిన పోరులో 75 'టైటాన్' మహానౌకలు ఒక్క రోజులో బుగ్గయ్యాయి. కారణం వింటే ముక్కున వేలేసుకుంటారు. ఒక జట్టు తన స్థావరానికి కట్టవలసిన రుసుము గడువులోగా కట్టలేదట! కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకడం మనకి తెలుసు గానీ, ఇదేం చోద్యం?

ఇలాంటి చోట 'కాటియా సే' అనే పాత్ర పేరుతో ఆడేవారొకరు వేరే దారి పట్టారు. ఆటలో ఉన్న నక్షత్ర మండలాలన్నీ చూసి రావాలని పూనుకున్నారు. అప్పటికి ఉన్నవి 7,805. తొమ్మిదేళ్ళకు పైగా తిరిగి, 2019 మార్చిలో చివరిదీ చూసేశారు. అంతకాలంలో ఒక్క ఓడ కూడా పోగొట్టుకోలేదు!

అదేమంత కష్టమని అనిపించవచ్చు. ఆ అంతరిక్షంలో కొన్ని మండలాలకే పోలీసు కాపలా ఉంటుంది. అది దాటితే ఎవరు ఎవరినైనా కాల్చవచ్చు. ఒక మండలం నుంచి మరోదానికి వెళ్ళే ద్వారాల దగ్గర మాటు వేసేవాళ్ళు బోలెడుమంది. వైకుంఠపాళిలో పాము ఎక్కడుందో కనిపిస్తుంది. ఇక్కడ అదీ కనిపించదు.

ఇక రెండున్నర వేలకు పైగా మండలాలకి అసలు స్థిరమైన దారే లేదు. ఎక్కడో ఒక బిలం తెరుచుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. లోపలికి వెళ్ళాక బయటపడే దారి మళ్ళీ వెతుక్కోవాలి. అక్కడ ఎవరున్నారో పేర్ల జాబితా కూడా కనబడదు. ఓడని కంటికి కనిపించకుండా దాచుకుంటూ, చుట్టుపక్కల ఎవరున్నారో పరికరంతో కనిపెట్టుకుంటూ మెల్లగా కదలాలి. ఏడువేలు చూశాక ఒక్కసారి ఏమరినా "ఒక్క ఓడా పోలేదు" అనే మాట చెడిపోయేది.

సగటున చూస్తే రోజుకి రెండు మండలాలు చిల్లర. అంతే! మనం పూటకి ఎన్ని పనులు చక్కబెట్టడం లేదు? ఘనత ఆ రెండులో లేదు, తొమ్మిదేళ్ళలో ఉంది.

సంస్థవారు ఆ ఏడాదే ఆట లోపలే, 'సైసియో' అనే మండలంలో కాటియా విగ్రహం నిలబెట్టారు. యుద్ధాలకు పేరుపడ్డ లోకంలో, జాగ్రత్తగా తిరిగివచ్చిన మనిషికి విగ్రహం! నాకు ముచ్చటేసింది అందుకే. చుట్టూ చూసి అడుగు వేసేవాళ్ళని పిరికివాళ్ళనడం మనకి అలవాటు. పాలపొంగు మీద ఓ కన్ను, వీధి తలుపు మీద ఓ కన్ను వేసి బతికే ఆడవాళ్ళకి తెలుసు, ఏమరకపోవడానికి ఎంత గుండె కావాలో.

"దానివల్ల ఏమొస్తుంది?" అనే ప్రశ్న మనల్ని చాలాసార్లు ఆపేస్తుంది. లైబ్రరీలో కథల పుస్తకాలన్నీ చదవాలనో, పెళ్ళితో ఆగిపోయిన వీణ మళ్ళీ పట్టాలనో అనుకుంటాం. డబ్బు రాదు, సర్టిఫికెట్టు రాదు కాబట్టి పక్కన పెట్టేస్తాం. రేపు అనుకున్నది పండగ తర్వాత, పండగ తర్వాతది పిల్లల పరీక్షల తర్వాత అవుతుంది.

కాటియాకి కూడా ఎవరూ బహుమతి ఆశ చూపలేదు. విగ్రహం వస్తుందని తెలిసి బయల్దేరలేదు. రోజుకి రెండు, అంతే.

మీ లెక్క రోజుకి ఒక్క పేజీ కావచ్చు, ఒక్క కీర్తన కావచ్చు. ఎవరు కాసినా కాయకపోయినా, మీతో మీరే ఓ పందెం కాసి చూడరాదూ?