కారు రంగును కాపాడుకొనుట

ఇత్తడి బిందెను చింతపండుతో తోమినకొలది తళతళలాడును. వెండి కుంకుమభరిణెను విభూతితో రుద్దినకొలది క్రొత్తదానివలె నగును. ఈ యలవాటుచేతనే కాబోలు, కారును గూడ నెంత గట్టిగా తుడిచిన నంతగా మెఱయునని మనలో ననేకులు తలంచుచుందురు. నిజము దీనికి విరుద్ధముగా నున్నది. నల్లని కారు నొకదానిని ఎండలో నిలిపి యొకవైపునుండి చూడుడు. సాలెగూటివంటి సన్నని గీతలు వలయములు వలయములుగా కానవచ్చును. వీనిలో ఎక్కువభాగము దారిలో పడినవి కావు. కారును శుభ్రముచేయు చేయి గీసినవే.

ఎందుచేతననగా, ఇత్తడి బిందె లోపలివఱకు ఇత్తడియే. కారు సంగతి యట్టిది కాదు. ఉక్కు రేకుపై మొదట తుప్పు పట్టనీయని పూత, దానిపై ప్రైమరు, దానిపై మనము కోరి యెంచుకొన్న రంగు, అన్నింటికిని పైన గాజువలె స్వచ్ఛమైన మఱియొక పూత యుండును. ఈ చివరిదానిని క్లియర్ కోటు అందురు. నేటి కార్లపై ఈ పూతలన్నియు గలిసి సుమారు 100 మొదలు 150 మైక్రాన్లు. అందు క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము సాధారణముగా 70 మైక్రాన్ల ప్రాంతమున నుండును. కారునకు మెఱుపు నిచ్చుచు, ఎండలోని తీక్ష్ణకిరణములనుండి రంగును కాచుచున్న పొర వెండ్రుకకన్నను పలుచనిదన్నమాట. అరిగినచో నది మరల పెరుగదు.

పూర్వపు కార్లకు ఈ పొర లేకుండెను. 1923వ సంవత్సరమున అమెరికాలోని డూపాంట్ సంస్థ డ్యూకో యను లక్కరును తెచ్చువఱకు, కార్లకు వేసిన వార్నిషు ఆరుటకే వారములు పట్టెడిది. లక్కరు వచ్చిన పిమ్మట పని త్వరపడినది గాని, రంగే పైపొరగా నుండుటచే కొంతకాలమునకు సుద్దవలె వెలవెలబాఱెడిది. పాలిషు పెట్టి రుద్దినచో ఆ వెలిసిన రంగు గుడ్డకంటుకొని, క్రిందనున్న క్రొత్తరంగు బయటపడెడిది. మన పెద్దలు పాత అంబాసిడరు కారునకు ఆదివారమునాడు పాలిషు పెట్టి మురియుచుండుటకు కారణ మిదియే. ఆ కార్లకది తగిన పనియే. నేటి కార్లకు మాత్రము తగదు.

ఇక ధూళి మాట. మన వీధులలోని దుమ్ము మెత్తగా కనబడును గాని, అందు ఇసుకరేణువు లున్నవి. ఇసుక క్లియర్ కోటుకన్న చాల గట్టిది. పొడిగుడ్డతో తుడుచుట యనగా ఉప్పుకాగితముతో మెల్లమెల్లగా రుద్దుటయే. అపార్టుమెంట్లయందు తెల్లవాఱకమునుపే వచ్చి, ఒకే బకెట్టు నీటితో, ఒకే గుడ్డతో ఇరువది కార్లు తుడిచిపోవువారిని మనమెల్లర మెఱుగుదుము. మొదటి కారు మట్టి చివరి కారునకు ముట్టును. మా వాడలో ఈ పని చేయు నొక కుఱ్ఱవానిని, "రోజూ ఎందుకు నాయనా?" అని యడిగితిని. "ఒక్కనాడు తుడవకపోతే పని చెయ్యలేదని జీతంలో కోత పెడతారమ్మా" అని యతడు బదులు చెప్పెను. అతనిని తప్పుపట్టి లాభము లేదు. నెలజీతము తగ్గింపక, దినదినము తుడుచుటకు మాఱుగా వారమునకు రెండు మాఱులు నీటితో కడుగుమని చెప్పి, మన కారునకు వేఱుగా రెండు బకెట్లు, నాలుగు గుడ్డలు మనమే యిచ్చుట మేలు. అతనికి శ్రమ తగ్గును, మనకు రంగు దక్కును.

కడుగు విధానము పట్టుచీర నుతికినట్లుండవలెను గాని, దుప్పటిని బండపై బాదినట్లు కాదు. ఉదయమునగాని సాయంకాలమునగాని నీడలో కారును నిలిపి, బానెట్టు చల్లబడినదాక వేచియుండవలెను. వేడి రేకుపై సబ్బునీరు పోసిన పోసినట్లే ఆరి మరకలగును. చక్రములను ముందుగా, వేఱు బకెట్టుతో, వేఱు బ్రష్షుతో కడిగివేయవలెను. వానికి బ్రేకులనుండి రాలిన ఇనుపపొడి యంటియుండును. తరువాత పైకప్పు మొదలు క్రిందివఱకు చేయి తగిలింపకయే నీరు పోసి, మట్టిని నాననిచ్చి జాఱనీయవలెను. పనిలో సగమిదియే. తొందరపడువారు విడిచిపెట్టునదియు నిదియే.

ఆపైన రెండు బకెట్లు దగ్గఱ నుంచుకొనుడు. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఉత్తనీరు. మెత్తని మైక్రోఫైబరు గుడ్డను షాంపూనీటిలో ముంచి, పైకప్పుతో ప్రారంభించి, సుడులు తిప్పక నిలువుగా నీడ్చుచు, బరువు మోపక తుడువవలెను. ఒక తలుపు ముగిసినంతనే గుడ్డను ఉత్తనీటిలో జాడించి, పిండి, మరల షాంపూనీటిలో ముంచవలెను. ఇసుక యా రెండవ బకెట్టు నడుగునకు చేరును. చివరకా నీటిని చూచినవారికి రెండు బకెట్లెందుకని యెవ్వరును చెప్పనక్కఱలేదు. తలుపుల క్రిందిభాగమును అన్నిటికన్న కడపట కడుగుడు. బట్టల సబ్బుపొడి వాడరాదు. గిన్నెలు తోము ద్రావకము కూడ తగదు. గిన్నెపై జిడ్డును తీసినట్లే, కారుపై మనము పెట్టిన మైనమునుగూడ తీసివేయును. మెఱుపుకొఱకు డీజిలు, కిరసనాయిలు పూయువా రున్నారు. ఆ మెఱుపు ఒకపూట నుండును. పిమ్మట ఆ జిడ్డున కింకను దుమ్ము పట్టును, తలుపుల రబ్బరును చెడును.

బోరునీటి విషయమై యొక హెచ్చరిక. తెలంగాణమునను, రాయలసీమయందును అనేకచోట్ల బోరునీటిలో సున్నము, మెగ్నీషియము హెచ్చుగా నుండును. ఆరినచోట తెల్లని వలయము లేర్పడి, ఎండకు కాగి పూతలోనికి దిగును. కావున కడిగినవెంటనే దళసరి మైక్రోఫైబరు తువ్వాలును పఱచి, నొక్కి తడి తీయవలెను. త్రాగునీటి ఫిల్టరునుండి వృథాగా పోవు నీటిని కొందరు కారునకు వాడుచున్నారు. పొదుపు మంచిదే గాని, ఆ నీటిలో లవణములు మఱింత చిక్కబడియుండును. మొదటి మట్టి జాఱ్చుటకు దానిని వాడి, చివరిసారి మంచినీరు పోయుడు. ఏసీ యంత్రమునుండి కాఱు నీటిలో లవణములు దాదాపుగా నుండవు; పట్టి యుంచినచో చివరి జాడింపునకు చక్కగా పనికివచ్చును. నీటి యెద్దడి మనకు క్రొత్త గాదు. 2024 మార్చిలో బెంగుళూరునందు త్రాగునీటితో కార్లు కడుగరాదనియు, కడిగినచో 5,000 రూపాయల జరిమానా యనియు జలమండలి యాజ్ఞాపించినది. గొట్టము విప్పి విడిచినచో ఎన్ని బకెట్లు పోవునో లెక్క తెలియదు. పైపద్ధతిలో నాలుగైదు బకెట్లతో పని ముగియును.

చెట్టునీడ చల్లనిదే, కాని యందును చిక్కులున్నవి. మామిడి పూతకాలమున తేనెమంచు పురుగు విడిచెడి జిగట కారంతయు కమ్ముకొనును. పక్షిరెట్టయందలి ఆమ్లము ఎండవేడికి పూతను తినివేయును. ఉదయము పడిన రెట్టను సాయంకాలమువఱకు ఉంచరాదు. దానిని గీకక, తడిగుడ్డను పదినిమిషములు పైన వేసి నాననిచ్చి, పైకెత్తినట్లుగా తీయవలెను. విజయదశమినాటి వాహనపూజయందు పసుపు, కుంకుమ, గంధము బానెట్టుపై పూయుట మన యాచారము. దాని నెవ్వరును మానుకోనక్కఱలేదు. బొట్లు అద్దముపై పెట్టినచో రంగునకు భయము లేదు. బానెట్టుపైననే పెట్టదలచినవారు, ముఖ్యముగా తెల్లకారు గలవారు, ఎండిన పిమ్మట గుడ్డతో రుద్దక, మఱునాడే నీటితో నానబెట్టి కడిగిన చాలును. పూలదండలకు జిగురుపట్టీలు మాత్ర మంటింపకుడు.

పాలిషు, మైనము ఒకటే యని యెంచుట మఱియొక పొరపాటు. అంగళ్లలో రెండు డబ్బాలును ప్రక్కప్రక్కనే యుండును. పాలిషులో సన్నని రాపిడిపొడి కలదు; అది గీత చుట్టునున్న క్లియర్ కోటును అరగదీసి గీతను మాయము చేయును. అనగా ఉన్నదానినుండి తీయునది. మైనము పైన కప్పునది. గీతపై గోరును అడ్డముగా నీడ్చి చూడుడు. గోరు తట్టుకొన్నచో నది లోతైనది, పాలిషుతో పోదు. తట్టుకొననిచో, ఎప్పుడో యొకప్పుడు, రెండుమూడేండ్లకొకమాఱు, తెలిసినవారిచేత పాలిషు పట్టించుకొనవచ్చును. మైనము నింటిలోనే పెట్టుకొనవచ్చును. ఈ మైనములలో పేరుపడినది కార్నాబా. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున పెరుగు నొక తాటిజాతి చెట్టు తన యాకులలోని తేమ పోకుండుటకు పైన పూసికొను మైనమిది. కడిగి ఆరిన కారుపై పలుచగా పూసి, మంచుపట్టినట్లయిన పిమ్మట మెత్తని గుడ్డతో తీసివేయవలెను. మన యెండలకు నెల, రెండు నెలలకన్న నిలువదు. నీరు ముత్యములవలె నిలువక పఱచుకొనుచున్నచో, మరల పెట్టవలసిన వేళ వచ్చినట్లు.

సిరామిక్ కోటింగు వేయించుకొన్నచో గీతలే పడవని దుకాణములవారు చెప్పుచుందురు. నమ్మవలదు. దానివలన మట్టి సులభముగా వదలును, మెఱుపు కొన్నియేండ్లు నిలుచును. ఆ మాత్రము నిజము. కాని యది యొకటి రెండు మైక్రాన్ల పొర. రాయి తగిలిన నాపలేదు, పొడిగుడ్డతో తుడిచిన గీతపడకమానదు. వేయునపుడు క్రింద గీతలున్నచో అవి యట్లే లోపల నిలిచిపోవును. రాళ్లనుండి కాపాడునది పారదర్శకమైన దళసరి ఫిల్ము. అది మిక్కిలి ఖరీదైనది. కావలసినవారు కారంతటికి గాక, ముందుభాగమునకు మాత్రమే వేయించుకొనవచ్చును.

ఇక గుడ్డలు. మైక్రోఫైబరు గుడ్డలను ఇతర బట్టలతో కలిపి ఉతుకరాదు, నూలుపోగులు పట్టుకొనును. మెత్తదనముకొఱకు బట్టలకు వేయు సువాసనద్రవమును వేసినచో నీరు పీల్చుట మానును. చక్రములకు వాడినదానికి అంచున రంగుదారముతో నొక కుట్టు వేసి గుర్తుపెట్టినచో అది పొరపాటున బానెట్టుపైకి రాదు. పని నడుమ నేలపై పడిన గుడ్డను దులిపి మరల వాడక, ఉతుకవలసిన వానిలో వేసి మఱియొకటి తీసికొనుడు.