మెగ్గర్ పిడి

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీలు అక్కడ స్థిరపడ్డారు. మగ్గం మోటారు తడిస్తే రివైండింగ్ షాపులో వినబడే మొదటి మాట: ‘మెగ్గర్ పెట్టి చూద్దాం.’ వానాకాలంలో వీధిదీపాలు చూసే ఎలక్ట్రీషియన్ మాటా అదే. మెగ్గర్ అసలు ఒక కంపెనీ వారి పేరు. ఫొటోకాపీ జిరాక్స్ అయిపోయినట్టే, తీగ ఇన్సులేషన్ కొలిచే పెట్టె ఎవరు చేసినా మనకు మెగ్గరే.

దాని పుట్టిల్లు లండన్. ఇళ్లలోకి కరెంటు కొత్తగా వస్తున్న రోజుల్లో, 1889లో, సిడ్నీ ఎవర్షెడ్ ఈ పరికరం తయారుచేశాడు. 1895లో ఎర్నెస్ట్ విన్యోల్స్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. మెగ్గర్ పేరు రిజిస్టరైంది 1903లో. మెగోమ్ అంటే పది లక్షల ఓములు. పేరు అందులోంచే వచ్చింది.

పిడి తిప్పితే లోపలి బుల్లి డైనమో 500 వోల్టుల డీసీ పుట్టిస్తుంది. మల్టీమీటరులో ఉండేది కొద్ది వోల్టుల బ్యాటరీ. చెమ్మ పట్టిన జాయింటు దాని ముందు బుద్ధిమంతుడిలా కూర్చుని, 500 వోల్టులు తగలగానే బయటపడుతుంది. నాకు ముచ్చటేసేది మాత్రం ముల్లు. దానికి స్ప్రింగు లేదు. అడ్డంగా బిగించిన రెండు చుట్టలు అయస్కాంతం మధ్య చెరోవైపు లాగుతుంటాయి: ఒకటి వోల్టేజి తరఫున, ఇంకోటి కారిపోయే కరెంటు తరఫున. పిడి కాస్త జోరుగా తిప్పితే రెండు బలాలూ కలిసే పెరుగుతాయి గనుక ముల్లు కదలదు. తిప్పడం ఆపేస్తే దానికి ఇల్లంటూ లేదు, ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపి నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అలాంటి వరద దిగాక వీధిదీపాల స్తంభాల అడుగున జంక్షన్ బాక్సుల్లో బురద మిగులుతుంది. అప్పుడు సప్లై ఆపి, ఎల్ఈడీ డ్రైవర్లు విడదీసి (లేకపోతే వాటిలోని సర్జ్ రక్షణ భాగాలు లెక్క తప్పిస్తాయి) ఒక క్లిప్పు తీగకు, ఒకటి ఎర్త్‌కు తగిలిస్తారు. ముల్లు ముందు సున్నా వైపు పడుతుంది. కంగారక్కర్లేదు, కేబుల్ ఛార్జవుతోంది. ఆనక మెల్లగా ఎక్కుతుంది. నిమిషం తిప్పాక కనీసం 1 మెగోమ్ చూపాలి.

కేబుల్ పొడుగయ్యేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఒక్కో స్తంభం దగ్గర 20 మెగోములున్నా, ఇరవై స్తంభాలు కలిస్తే ఒక్కటే. ఆ ఒక్కటి ఉన్నా 230 వోల్టుల దగ్గర కారేది పావు మిల్లీయాంపే. అదే 20 వేల ఓములకు పడిపోతే పదకొండు మిల్లీయాంపులు దాటుతుంది. స్తంభం ఎర్తింగ్ కూడా తెగి ఉంటే ఆ కరెంటు ముట్టుకున్న మనిషి గుండానే పోతుంది. పట్టు వదలకుండా చెయ్యి బిగుసుకుపోవడానికి చాలు.

అంకె పడిపోతే ఇరవై బాక్సులూ వరసగా విప్పరు. లైను మధ్యలో విడదీసి రెండు సగాలకూ మెగ్గర్ పెడతారు. చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. అయిదోసారికల్లా ఒక స్తంభం మిగులుతుంది. మూత తీస్తే లోపల తడి ఆరని బురద, దాని కింద పచ్చగా చిలుము పట్టిన రాగి తీగ.