నునుపు వెనుక ఉన్న లెక్క

గత సంవత్సరం మా పూర్వ విద్యార్థి ఒకడు కళాశాలకు వచ్చి, సంచిలో నుండి అరచేతి వెడల్పు గల ఉక్కు దిమ్మె నొకదానిని తీసి మా బల్లపై ఉంచాడు. ప్లాస్టిక్ గిన్నెలు తయారుచేసే అచ్చులో అది ఒక సగం. "సార్, వేలు పెట్టి చూడండి" అన్నాడు. కంటికి మెరుస్తున్న ఆ గుంటలో వేలికి సన్నని గీతలు తగిలాయి. అటువంటి గీతలనే ఎమరీ కాగితంతో పోగొట్టబోయి, తానూ తనతో పనిచేసే ఒక పెద్దాయనా రెండు దినాలు రుద్ది, చివరకు మొదటి అచ్చు ఆకారమే చెడగొట్టుకున్నారట. ఇది రెండవది. "రుద్దే పని తగ్గించే ఉపాయం పుస్తకాలలో ఉంటుందా సార్? ఉన్నా అది ఇంగ్లీషు బాగా వచ్చినవారికేనా?" అని అడిగాడు.

తెలుగు బోధించే మావద్ద ఆనాడు సమాధానం లేదు. గణితశాఖ మిత్రునితో కలసి సెలవు దినాలలో ఆ పనిశాలకు వెళ్ళాము, యంత్రం ప్రక్కన నిలబడి చూశాము, పుస్తకాలు తిరగవేశాము. తెలుసుకొన్నది మా విద్యార్థులందరికీ ఉపయోగించవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

వంపులు తిరిగిన ఉపరితలాలను మిల్లింగ్ యంత్రంపై చెక్కడానికి బాల్ నోస్ కట్టరు వాడతారు. దాని కొన అర్ధగోళాకారంలో ఉంటుంది. అది నాగలి వలె ఒక చాలు వేసి, కొంచెం ప్రక్కకు జరిగి మరొక చాలు వేస్తుంది. చాళ్ళు గుండ్రనివి గనుక రెండు చాళ్ళ నడుమ చిన్న గట్టు మిగిలిపోతుంది. మన వేలికి తగిలినవి ఆ గట్లే. కట్టరు ఎంత పదునైనదైనా ఈ గట్టు మిగలక తప్పదు. దానిని ఎంత చిన్నది చేయగలమన్నదే ప్రశ్న.

ఇందుకు పదవ తరగతిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే చాలును. ఒక చాలు నుండి మరొక చాలుకు గల ఎడమును దానితోనే గుణించి, వచ్చినదానిని కట్టరు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గట్టు ఎత్తు దాదాపుగా వస్తుంది. 10 మి.మీ. వ్యాసం గల కట్టరుకు వ్యాసార్ధం 5 మి.మీ. ఎడం 0.5 మి.మీ. అయితే గట్టు ఎత్తు సుమారు 6 మైక్రాన్లు. ఎడమును 0.25 మి.మీ.కు తగ్గిస్తే అది సుమారు 1.5 మైక్రానుకు దిగుతుంది. అనగా ఎడం సగమైతే గట్టు నాలుగవ వంతు అవుతుంది.

అయితే ఇందుకు కాలం రూపంలో మూల్యం చెల్లించాలి. 100 మి.మీ. చదరపు తలంపై 0.5 మి.మీ. ఎడంతో 200 చాళ్ళు, అనగా 20 మీటర్ల నడక. నిమిషానికి ఒక మీటరు చొప్పున 20 నిమిషాలు పడుతుంది. ఎడం సగమైతే 40 నిమిషాలు. అచ్చులోని మూలలు అనుమతించినంత మేరకు పెద్ద కట్టరు వాడడం మేలైన మార్గం. వ్యాసార్ధం రెట్టింపైతే, కాలం పెరగకుండానే గట్టు సగమవుతుంది.

వాలు గోడల వద్ద మరొక చిక్కు ఉన్నది. పైనుండి చూచినప్పుడు సమానంగా కనబడే చాళ్ళు వాలుపైకి ఎక్కేకొద్దీ ఎడమవుతాయి. 60 డిగ్రీల వాలుపై ఆ ఎడం రెట్టింపు, గట్టు నాలుగింతలు. కనుక నిటారు భాగాలను మెట్టు మెట్టుగా, సమతల భాగాలను అడ్డంగా, వేరువేరు దారులలో చెక్కించాలి.

ఇంతవరకు రేఖాగణితం. ఇక లోహం సంగతి. తిరిగే చక్రానికి అంచు వేగంగా కదులుతుంది, నడిబొడ్డు కదలదు. కట్టరు నిలువుగా ఉండి సమతలాన్ని చెక్కితే, తుది ఉపరితలాన్ని తాకేది ఆ కదలని కొనయే. అది లోహాన్ని కోయదు, నులిమి రాస్తుంది. కనుక ఉపరితలం మసకబారుతుంది. దీనికి విరుగుడు కట్టరునుగాని దిమ్మెనుగాని 15 డిగ్రీలు వంచడం. అప్పుడు తాకే బిందువు సుమారు 2.6 మి.మీ. వ్యాసం గల వృత్తంపైకి జరుగుతుంది. స్పిండిల్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే, సున్నాగా ఉన్న వేగం నిమిషానికి సుమారు 81 మీటర్లవుతుంది.

వంచడానికి వీలులేనప్పుడు కూడ లెక్క మరువరాదు. నిలువుగా ఉన్న 10 మి.మీ. కట్టరు 0.2 మి.మీ. లోతున దిగినప్పుడు కోతలో పాల్గొనే వృత్తపు వ్యాసం 2.8 మి.మీ. మాత్రమే. చుట్ల సంఖ్యను 10తో కాక ఈ 2.8తో లెక్కకట్టాలి.

మిగిలినవి శ్రద్ధకు సంబంధించినవి. ఒక్కొక్క పన్ను ముందుకు జరిగే దూరం చాళ్ళ ఎడమును మించరాదు; మించితే గట్లు రెండవ దిక్కున లేస్తాయి. కట్టరు వంకరగా తిరిగితే రెండు పళ్ళలో ఒకటే భారం మోస్తుంది. కనుక డయల్ గేజితో చూచి వంకరను 0.01 మి.మీ. లోపున ఉంచాలి. కట్టరును పట్టునుండి అవసరమైనంతే బయటకు ఉంచాలి. పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లు. తుది కోతకు ముందు అంతటా సమానమైన మందం మిగిల్చి, అరగని కట్టరును అందుకొరకే దాచుకోవాలి. గట్టిపరచిన ఉక్కును చెక్కేటప్పుడు గాలి ఊది పొట్టును తొలగిస్తూ ఉండాలి. లేనిచో కట్టరు దానినే మళ్ళీ నలిపి గీతలు వేస్తుంది.

మా విద్యార్థి ఈ సూత్రాలను కాగితంపై తెలుగులోనే వ్రాసుకొని యంత్రం ప్రక్కన అంటించుకున్నాడు. మూడవ అచ్చుకు యంత్రంపై కొన్ని గంటలు ఎక్కువ పట్టినా, రుద్దే పని ఒక పూటలో ముగిసింది. అచ్చు తిరిగి రాలేదు. పెద్దాయన పని పోలేదు. అద్దం వంటి మెరుపు తేవడానికి ఆయన వ్రేళ్ళే ఇప్పటికీ కావాలి. ఇప్పుడవి యంత్రం చేసిన తప్పులు దిద్దడంలో అరిగిపోవడం లేదు, అంతే.

తరగతిలో ఆ యువకుడు మా ఎదుట మూడేళ్ళు కూర్చున్నాడు. ఎన్నో పద్యాలు చెప్పాము, కాని అతని చేతికి రేపు ఏ పని దొరుకుతుందో ఒక్కనాడూ అడగలేదు. కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒకటే. సంవత్సరానికి ఒకసారియైనా విద్యార్థులను పనిశాలలకు తీసుకొనిపోవాలి. యంత్రపు పనిముట్ల విద్య నేర్పడానికి 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ హైదరాబాదు బాలానగరులోనే ఉన్నది. విద్యార్థులకు మేము చెప్పగలిగిన దేమనగా, ఆ అచ్చులోని గీతలను తొలగించినది ఇంగ్లీషు కాదు. పదవ తరగతిలో నేర్చి మరచిపోయిన ఒక త్రిభుజం.