గృహనిర్మాణపు ఒడంబడిక



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాట. పెండ్లికి లగ్నపత్రిక వ్రాయించుకొందుము. ఇంటికి మాత్రము పెక్కుమంది నోటిమాటతోనే శంకుస్థాపన చేయుదురు. చదరపు అడుగునకు ఇంత అని మేస్త్రితో బేరము కుదిరినంతనే సగము పని ముగిసినదని తలంతురు. బేరములో రాని సంగతులే పిమ్మట తగవులగును. ఆ సంగతులెవ్వియో, వానిని ముందుగా ఎట్లు తీర్చుకొనవలెనో మనవిచేయుటకే నేనీ ప్రసంగమునకు పూనుకొంటిని.

1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమునుబట్టి ఇంటిపనికి నోటి ఒప్పందము కూడ చెల్లును. చిక్కు రుజువు చేయుటలో ఉన్నది. కిటికీలకు టేకు అన్నామని యజమాని, వేప అన్నారని మేస్త్రి వాదించినప్పుడు, సాక్ష్యమిచ్చుటకు గోడలకు నోరు లేదు.

కట్టడములు వేరైనను తగవులు ఒకే విధమైనవి గనుక, వాటికి ముందే సమాధానము వ్రాసియుంచిన ముద్రిత నమూనాలు పుట్టినవి. ఇంగ్లండులో 1931లో వాస్తుశిల్పులును, కట్టడపు కంట్రాక్టరులును కలిసి ఇందుకై ఒక సంయుక్తసభనే ఏర్పరచుకొనిరి. అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య 1957లో తన నమూనాను ప్రకటించినది. మన నెల్లూరుసీమ 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది. ఆ ప్రభుత్వపు ఇంజనీర్లు వాడిన ‘మద్రాసు డిటైల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్సు’ అను గ్రంథములో పని తీరుతోపాటు ఒప్పందపు షరతులును కలవు. తరువాత ఆంధ్రప్రదేశములో సర్కారు పనులకు వాడిన నియమావళికి అదియే మూలము.

ఇట్టి షరతులకు ఎంత బలము కలదో ఒక వ్యాజ్యము తెలుపును. నాగార్జునసాగరపు కాలువకు సిమెంటు లైనింగు చేసిన కంట్రాక్టరునకు మధ్యవర్తి కొన్ని అదనపు సొమ్ములు ఇప్పించెను. నాపరాళ్ల ధర పెరిగినందుకు కొంత, నీటిని మరింత దూరమునుండి తెచ్చినందుకు కొంత అందులో చేరినవి. 1991లో సుప్రీముకోర్టు ఆ అంశములను కొట్టివేసినది. ఒప్పందము ఈయరాదన్న సొమ్మును మధ్యవర్తియును ఇప్పింపజాలడని దాని భావము. నీరు తెచ్చిన శ్రమ నిజమే కావచ్చును. కాని ఆ శ్రమ ఎవరిదో కాగితము ముందే తేల్చియున్నది.

ఇప్పుడీ నీటి ప్రశ్ననే మన గూడూరు ప్రాంతమునకు తెచ్చి చూడుడు. సముద్రమునకు దగ్గరి పల్లెలలో కొన్ని బావుల నీరు ఉప్పన. ఇనుపకమ్మీలు వేయు కాంక్రీటునకు వాడు నీటిలో క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము విధించుచున్నది. మించినచో కమ్మి లోలోపల త్రుప్పుపట్టి కొన్నేండ్లకు శ్లాబు పెచ్చులూడును. మంచినీటి ట్యాంకరు ఖర్చు ఎవరిదో వ్రాసికొననిచో, మేస్త్రి దగ్గరనున్న బావినే తోడుకొనును. చదరపు అడుగు ధరలో ఈ మాట ఎక్కడను ఉండదు.

రెండవది వాన. మన సీమకు వానలు ప్రధానముగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. తుపానులును అప్పుడే. వానకు పోయిన దినములకు గడువు పెంచవలెను, సొమ్ము పెంచనక్కరలేదు అనుట న్యాయమైన పద్ధతి. యజమాని డబ్బు ఈయక ఆపిన దినములకు వేరు లెక్క, మేస్త్రి మరియొక పనికి పోయిన దినములకు వేరు లెక్క. ఆలస్యమునకు దినమునకు ఇంత అని జుల్మానా వ్రాసికొన్నను, చట్టపు 74వ సెక్షనునుబట్టి న్యాయస్థానము ఆ మొత్తమునకు లోబడి తగిన పరిహారమే ఇప్పించునుగాని, వ్రాసినదంతయు ఇప్పింపవలెనని లేదు.

మూడవది చెల్లింపు. పునాది, లింటెలు, శ్లాబు, పూత అని మెట్లు ఏర్పరచి, ముగిసిన మెట్టునకే సొమ్మీయవలెను. ప్రతి చెల్లింపునుండి కొద్దిభాగము నిలిపియుంచి, ఇల్లు ఒక కార్తీకపు వానను తట్టుకొన్న పిదప ఇచ్చుట మన సీమకు తగిన ఏర్పాటని నా అభిప్రాయము. మధ్యలో మార్పు కోరినచో, దాని ధరను పని మొదలుపెట్టకముందే వ్రాసి ఇరువురును చేవ్రాలు చేయవలెను.

అచ్చులోనున్నదంతయు న్యాయమని భ్రమపడరాదు. నమూనాను వ్రాసినవాడు తన పక్షమును మరువడు. బిల్డరు అచ్చువేసిన ఏకపక్షపు షరతులకు గత్యంతరములేక చేవ్రాలు చేసిన కొనుగోలుదారుని వాటితో బంధింపరాదని 2019లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ఫ్లాట్లు కొనువారికి 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము కొంత రక్షణ కల్పించినది. ఆ చట్టము వర్తించు కట్టడములలో, ఒప్పందము రిజిస్టరు కాకముందు ధరలో పదవవంతునకు మించి తీసికొనరాదు. స్వాధీనమైన అయిదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో బిల్డరు ఉచితముగా సరిచేయవలెను. సొంత స్థలములో మేస్త్రిచేత కట్టించుకొనువారికి ఆ చట్టము వర్తింపదు. అయినను గృహనిర్మాణము వినియోగదారుల చట్టము క్రింద సేవయే గనుక, లోపమున్నచో జిల్లా కమిషనుకు పోవచ్చును. అచ్చటను మొదట అడుగునది కాగితమునే.

ఈ వ్రాత యజమానికి మాత్రమే మేలని తలపవలదు. సిమెంటు ధర హఠాత్తుగా పెరిగినప్పుడు, ధర పెంపు షరతు లేని మేస్త్రి తన కూలీలకు బత్తెము తగ్గించును, లేదా పని విడిచిపోవును. అతనికి చదువు రానిచో షరతులన్నియు తెలుగులో చదివి వినిపించి, ఒక ప్రతి అతని చేతికీయుట మన విధి. నాలుగు పుటల కాగితము చాలును. నీరు ఎవరిది, వాన ఎవరిది, ధర పెరిగిన ఎవరిది, లోపము బయటపడిన ఎవరిది అను ఈ నాలుగు ప్రశ్నలకు అందులో జవాబు ఉన్నదో లేదో చూచుకొని, ఆ పిమ్మటనే బయానా చెల్లింపుడు.