వడ్డించేవారు లేని విందు
స్వీడన్‌లో క్రిస్మస్ బల్ల వేయడమంటే నెల రోజుల పని

మన బంతి భోజనాల్లో అతిథి చేయవలసిన పని ఒక్కటే, విస్తరి ముందు కూర్చోవడం. పప్పు ఎప్పుడు రావాలో, పులుసు ఎప్పుడు పోయాలో, పెరుగు దాకా ఎలా నడిపించాలో వడ్డించేవారు చూసుకుంటారు. వద్దంటున్నా వినకుండా మొహమాటస్తుడి విస్తరిలో మరో గరిటె వేసి వెళతారు. ఆకలితో ఎవరూ లేవకుండా చూసే పూచీ వారిది.

స్వీడన్ దేశపు క్రిస్మస్ విందులో ఈ వడ్డించేవారు ఉండరు. పొడవాటి బల్ల మీద ఇరవై ముప్ఫై రకాలు ఒకేసారి పెట్టి ఉంటాయి. ఎవరికి కావలసింది వారు పళ్లెంలో పెట్టుకుని వచ్చి కూర్చోవాలి. ఇంతకంటే తేలికైన ఏర్పాటు మరొకటి లేదనిపిస్తుంది. కాని పాతికమంది భోజనప్రియులు ఒకచోట చేరి ఈ విందు జరుపుకోవాలంటే, బాధ్యత నెత్తిన వేసుకున్న వారికి నవంబరులోనే పని మొదలవుతుంది.

ఈ విందు పేరు 'యూల్‌బూర్డ్'. స్వీడన్ భాషలో యూల్ అంటే క్రిస్మస్, బూర్డ్ అంటే బల్ల. అక్కడ అసలు పండుగ డిసెంబరు 24వ తేదీనే. ఆ రోజు ఎవరి ఇంట్లో వారు బల్ల వేసుకుంటారు. అంతకు ముందు నెల రోజుల పాటు హోటళ్లలోనూ, ఆఫీసుల్లోనూ, సంఘాల్లోనూ ఈ విందులు సాగుతూనే ఉంటాయి. డిసెంబరులో స్టాక్‌హోమ్ నగరంలో పగలు ఆరు గంటల పైచిలుకు మాత్రమే ఉంటుంది. మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు గుంకుతుంది. ఆ చీకటి రోజుల్లో దీపాలు పెట్టుకుని నలుగురూ ఒక బల్ల చుట్టూ చేరడం వారికి ఎంతో అవసరమైన వేడుక.

సారా బల్ల నుంచి విందు బల్ల వరకు

ఈ పద్ధతికి మూలం 'స్మోర్గోస్‌బూర్డ్'. వెన్న రాసిన రొట్టెల బల్ల అని ఆ మాటకు అర్థం. 18వ శతాబ్దంలో స్వీడన్ సంపన్నుల ఇళ్లలో అసలు భోజనానికి ముందు ఒక పక్క బల్ల వేసేవారు. దాని మీద రొట్టె, వెన్న, జున్ను, ఉప్పు చేప, రెండు మూడు రకాల సారా ఉండేవి. వచ్చినవారు నిలబడి కాస్త కొరికి, కాస్త తాగి, ఆ తరువాత భోజనానికి కూర్చునేవారు. 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చాక, స్టేషన్లలో దిగే ప్రయాణికులకు ఆలస్యం లేకుండా తిండి పెట్టడానికి ఈ బల్లే అక్కరకు వచ్చింది. పక్క బల్ల పెరిగి పెరిగి అదే భోజనమయింది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వారు తిరిగే బల్ల మీద ఈ విందు పెట్టడంతో ఆ మాట దేశదేశాలకూ పాకింది.

క్రిస్మస్ నాడు ఆ బల్ల మీదికి పండుగ వంటకాలు చేరితే అది యూల్‌బూర్డ్.

ఐదు పళ్లేల వరుస

ఇప్పుడు మన పెళ్లిళ్లలోనూ బఫేలు వచ్చాయి. పులిహోర మీద పనీరు, దాని పక్కనే గులాబ్ జామూన్, అన్నిటి మీదా పెరుగన్నం ఒకే పళ్లెంలోకి ఎక్కించుకుని నడవడం చూస్తూనే ఉన్నాం. స్వీడన్ బల్ల దగ్గర అలా చేస్తే కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది. వడ్డించేవారు లేనంత మాత్రాన వరుస లేదని కాదు. ఆ వరుస తినేవారి చేతికి వచ్చిందంతే.

మొదటి విడత హెర్రింగ్ చేపది. మన కవళ్ల కుటుంబానికి చెందిన ఈ చేపను ఉప్పులో నిలవచేసి, తరువాత తీపీ పులుపూ కలిసిన నీటిలో ఊరవేస్తారు. ఒక విధంగా ఇది వారి ఊరగాయ. ఉల్లిపాయతో ఒకటి, ఆవపిండితో ఒకటి, ఇలా రెండు మూడు రకాలకు తక్కువ ఉండవు. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి రొట్టె. రెండో విడత మిగతా చల్లని చేపలు. వాటిలో ముఖ్యమైనది ఉప్పు, పంచదార, సోయకూర పట్టించిన సాల్మన్. మూడో విడత చల్లని మాంసం. క్రిస్మస్ హామ్, అంటే ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం, ఇక్కడే వస్తుంది. నాలుగో విడతలో వేడి పదార్థాలు - చిన్న మాంసపు ఉండలు, చిట్టి సాసేజీలు, పక్కటెముకలు, ఎర్ర క్యాబేజీ, 'యాన్సన్ ప్రలోభం' అని పిలిచే బంగాళాదుంపల వంటకం. ఐదో విడత తీపి, జున్ను.

ప్రతి విడతకూ పళ్లెం మార్చాలి. చేప తిన్న పళ్లెంలో మాంసం పెట్టుకోరు. అంటే పాతికమంది వస్తే నూట పాతిక పళ్లేలు కావాలి, లేదా వెనక ఎవరో ఒకరు కడుగుతూ ఉండాలి. కొత్తగా ఏర్పాటు చేసేవారు అన్నీ లెక్కవేసుకుని చాలాసార్లు మరిచిపోయేది ఈ పళ్లేల లెక్కే.

మూట విందు

ఇన్ని వంటకాలు ఒక ఇంటివారే చేస్తే పండుగ పూట వారికి మిగిలేది నడుము నొప్పి. అందుకే సంఘాలు జరుపుకునే విందుల్లో తలా ఒక వంటకం తెచ్చే పద్ధతి ఉన్నది. స్వీడన్ భాషలో దీన్ని మూట విందు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మూట కట్టుకుని రావడం, అందరూ విప్పుకుని పంచుకుని తినడం. మన కార్తీక వనభోజనాల్లోనూ ఇళ్ల నుంచి గిన్నెలు వచ్చిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి.

అయితే "మీకు తోచింది తెండి" అంటే పని చెడుతుంది. పదిమంది మాంసపు ఉండలే తెస్తారు, బంగాళాదుంపలు ఎవరూ తేరు. ఐదు విడతల పేర్లు రాసి, కింద వంటకాలు రాసి, ఎదురుగా మనుషుల పేర్లు వేసుకుంటూ పోవాలి. చేయి తిరిగినవారికి చేపలు, కొత్తవారికి రొట్టె, వెన్న, కోడిగుడ్లు, బీట్‌రూట్ కలిపిన ముద్ద. హామ్, సాల్మన్ ఖరీదైనవి కనుక వాటిని ఒకరి మీద వేయకుండా అందరి డబ్బుతో కొనడం న్యాయం.

కొలత విషయంలోనూ ఒక కిటుకు ఉన్నది. ఇరవై రకాలున్న బల్ల దగ్గర ఎవరూ ఏ ఒక్కటీ కడుపునిండా తినరు. పాతికమంది వస్తున్నారని ప్రతివారూ పాతికమందికి సరిపడా వండితే సగం మిగిలిపోతుంది. పది పన్నెండు మందికి సరిపడేంత చాలు. బంగాళాదుంపలు, రొట్టె మాత్రం పూర్తి లెక్కకు ఉండాలి.

ముందు పని, వెనక పని

ఈ విందులో చాలా భాగం ముందే చేసి పెట్టుకోవచ్చు. చేసి తీరాలి కూడా. హెర్రింగ్‌కు ఇంటింటా తెలిసిన లెక్క ఒకటి, రెండు, మూడు. 12 శాతం గాఢత ఉన్న వెనిగర్ ఒక పాలు, పంచదార రెండు పాళ్లు, నీళ్లు మూడు పాళ్లు. కాచి చల్లార్చి, రాత్రంతా చన్నీటిలో ఉప్పు విడిచిన చేప ముక్కలను, ఉల్లి చక్రాలను, క్యారెట్ ముక్కలను, మసాలా గింజలను అందులో వేస్తారు. కనీసం రెండు మూడు రోజులు ఊరాలి. స్వీడన్ బయట చేసేవారికి అంత గాఢమైన వెనిగర్ దొరకదు. 6 శాతం వెనిగరైతే అది రెండు పాళ్లు వేసి, నీళ్లు రెండు పాళ్లకు తగ్గించాలి.

సాల్మన్‌కు ఉప్పు, పంచదార పట్టించి చల్లని పెట్టెలో రెండు రోజులుంచాలి. దాని పేరుకు పూడ్చిన సాల్మన్ అని అర్థం. వెనకటికి నిజంగానే భూమిలో పూడ్చేవారు. ఇది నిప్పు సోకని వంటకం కనుక సముద్రంలో పట్టిన చేపైతే ముందుగా కొన్ని రోజులు గడ్డకట్టించి ఉంచాలి. లేకపోతే చేపలోని పురుగులు మనిషికి చేరే ప్రమాదం ఉన్నది.

హామ్‌ను విందుకు ముందురోజు వండుతారు. గడియారం చూసి కాదు, లోపలికి గుచ్చే వేడి కొలిచే సాధనం చూసి దింపాలి. లోపలి వేడి 70 డిగ్రీలకు వస్తే చాలు. అంతకు మించితే మాంసం పీచుపీచుగా ఎండిపోతుంది. పైన ఆవపిండి ముద్ద, గుడ్డు సొన, రొట్టె పొడి పట్టించి మళ్లీ పొయ్యిలో పెట్టి ఎర్రగా కాలుస్తారు. ఉడికిన నీటిని పారబోయరు. అందులో రొట్టె ముంచి తినడం వారి పాత అలవాటు. లేమి రోజుల్లో ఎండిన రొట్టెను మెత్తబరచడానికి అదే దారి.

యాన్సన్ ప్రలోభం దగ్గర విదేశీయులు తప్పకుండా బోల్తా పడతారు. సన్నగా తరిగిన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, మీగడ, మధ్యలో చేపముక్కలు - ఇంతే వంటకం. చేప డబ్బా మీద 'అన్షోవిస్' అని ఉంటుంది. ఆ మాట పట్టుకుని ఇతర దేశాల్లో ఉప్పు నెత్తళ్ల డబ్బా కొని వేస్తే నోట పెట్టలేనంత ఉప్పు. నిజానికి స్వీడన్ డబ్బాలో ఉండేది నెత్తళ్లు కావు. ఉప్పూ పంచదారా మసాలా కలిపిన నీటిలో ఊరిన స్ప్రాట్ అనే మరో చిన్న చేప.

విందు నాడు మిగిలేది వేడిచేయడం, అమర్చడం. వేడివి 60 డిగ్రీలకు తగ్గకుండా, చల్లనివి 8 డిగ్రీలకు మించకుండా చూడాలి. అన్నీ ఒకేసారి బల్ల మీద గుమ్మరించకుండా కొద్దికొద్దిగా నింపుతూ ఉంటే తిండి చెడదు, మిగిలింది మర్నాటికీ పనికొస్తుంది.

తిననివారి మాట

ఈ బల్ల పుట్టిందే చేప, పంది మాంసాల మీద. కాని నేటి స్వీడన్‌లో విందుకు వచ్చేవారందరూ అవి తినేవారు కారు. పంది ముట్టని ముస్లింలు, గొడ్డు మాంసం తినని మనవారు, శాకాహారులు ఉంటారు. స్టాక్‌హోమ్, గోతెన్‌బర్గ్ నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారికి డిసెంబరు రాగానే ఆఫీసు నుంచి ఈ విందుకు పిలుపు వస్తుంది. మాంసపు ఉండల్లో పంది, గొడ్డు మాంసాలు కలిసి ఉండడం పరిపాటి. చూసి పోల్చుకోవడం సాధ్యం కాదు. కనుక ప్రతి గిన్నె ముందూ ఏమేమి కలిసిందో రాసిన చీటీ పెట్టడం మర్యాద మాత్రమే కాదు, అవసరం. బాదం పడనివారి కోసం కూడా ఇది తప్పదు. వేడి మసాలా ద్రాక్షసారాలోనూ బాదం వేస్తారు. పాలలో ఉడికించిన బియ్యపు తీపిలోనూ ఒక బాదం గింజ దాస్తారు. అది ఎవరి పాలిట పడితే వారికి ఏడాది తిరక్కుండా పెళ్లవుతుందని నమ్మకం.

శాకాహారికి నాలుగు ఆకులు విదిలించి ఊరుకోనక్కర లేదు. హెర్రింగ్ ఊరవేసే అదే నీటిలో ఉడికిన వంకాయ ముక్కలు ఊరవేసి పెట్టడం ఇప్పుడు స్వీడన్ ఇళ్లలో కనిపిస్తున్నది. వంకాయను ఊరగాయ చేయడం మనకు కొత్త కాదు. మద్యం తాగనివారికి 'యూల్‌మస్ట్' ఉన్నది. 1910లో ఎరెబ్రూ పట్టణంలో పుట్టిన ఈ గోధుమరంగు తీపి పానీయం క్రిస్మస్ రోజుల్లో కోలాలను వెనక్కు నెడుతుంది.

ఖాళీ పళ్లెంతో నిలబడేవారు

ఇన్ని చేసినా ఒకటి మిగిలే ఉంటుంది. స్వీడన్‌లో అన్ని రకాల కుటుంబాల కంటే ఒక్కరే ఉండే ఇళ్లు ఎక్కువ. 24వ తేదీన ఎవరి ఇంట్లో వారు తలుపులు వేసుకున్నాక వారికీ, దూరదేశం నుంచి వచ్చినవారికీ పిలిచేవారు ఉండకపోవచ్చు. డిసెంబరులో ఇలాంటి బృందాలు పెట్టుకునే విందే కొందరికి పండుగ. అలా వచ్చినవారే బల్ల చివర ఖాళీ పళ్లెంతో నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అడగడానికి సిగ్గుపడి, రెండు బంగాళాదుంపలు పెట్టుకుని ఓ మూలకు పోతారు. ఇరవై రకాల మధ్య ఆకలితో ఇంటికి వెళతారు.

మన బంతిలో అయితే వడ్డించేవారు వారిని పట్టుకునేవారు. ఇక్కడ ఆ పని చేయవలసింది ఏర్పాటు చేసినవారే. విందు మొదలయ్యే ముందు రెండు మాటల్లో వరుస చెప్పడం, కొత్తగా వచ్చిన ఒక్కొక్కరికి పాతవారిని ఒకరిని జత చేసి మొదటి పళ్లెం కలిసి తెచ్చుకొమ్మనడం - దీనికి ఖర్చేమీ లేదు. ఆ తోడు దొరికితే రెండో పళ్లేనికి వారే లేస్తారు. మూడో పళ్లెం నాటికి పక్కవారికి వరుస చెబుతుంటారు.

హామ్ కాస్త ఎండినా, యాన్సన్‌లో ఉప్పు ఎక్కువైనా తిన్నవారు మరిచిపోతారు. వడ్డించేవారు లేని విందులో కూడా తనను ఒకరు కనిపెట్టి చూశారన్నది మాత్రం వచ్చే క్రిస్మస్ దాకా గుర్తుంటుంది.