రెక్క, తోక, ఇంజను

విశాఖపట్నం రామకృష్ణా బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమానం నిలిచి ఉన్నది. 1988 నుండి 2017 వరకు భారత నౌకాదళం ఇటువంటి విమానాలతో సముద్రంపై నిఘా వేసింది. వాటిలో ఒకదానిని విడదీసి, తీరానికి తెచ్చి, మరల కూర్చి 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా ప్రారంభించారు. దాని నాలుగు ఇంజన్లలో ప్రతిదానికీ ముందువెనుకలుగా రెండు ప్రొపెల్లర్లున్నాయి. అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగేవి.

ఈ ఏర్పాటుకు కారణమున్నది. ప్రొపెల్లర్ ఒక దిక్కుకు తిరిగితే విమాన శరీరం రెండవ దిక్కుకు ఒరగజూస్తుంది. అదీగాక, ప్రొపెల్లర్ నెట్టిన గాలి సుడులు తిరుగుతూ నిలువు తోకను ఒక పక్కన తాకి ముక్కును మళ్ళిస్తుంది. ఎదురెదురుగా తిరిగే జంటలో ఈ దోషాలు చాలావరకు ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. సుడిలో వృథా అయ్యే శక్తి కొంత కలిసివస్తుంది కూడా.

విద్యార్థులు చేసే చిన్న నమూనాకు సాధారణంగా ఒకే ప్రొపెల్లర్ ఉంటుంది. వెనుకనుండి చూచినప్పుడు అది సవ్యదిశలో తిరిగితే నమూనా ఎడమకు మళ్ళుతుంది. కనుక ఇంజనును సుమారు 2 డిగ్రీలు కుడికి తిప్పి బిగిస్తారు. అది పనితనంలోని వంకర కాదు, కావాలని పెట్టిన వంకర. రెక్క పైభాగాన ఉండే నమూనాలలో ఇంజను ముక్కును కొంచెం క్రిందికి కూడా వంచుతారు. లేనిచో వేగం పెరిగిన కొద్దీ నమూనా తల పైకెత్తుతుంది.

అన్నింటికంటే సూక్ష్మమైనది రెక్కకు, అడ్డ తోకకు మధ్య గల కోణభేదం. ఎదురుగాలికి రెక్క 3 డిగ్రీలు, తోక 1 డిగ్రీ ఎత్తి ఉన్నాయనుకొందాం. ఏదో గాలితెర తాకి ముక్కు 1 డిగ్రీ లేచినది. రెక్క కోణం 4 అయినది, అనగా మూడవ వంతు పెరిగినది. తోక కోణం 2 అయి రెట్టింపైనది. రెక్క కంటె తోక ఎత్తుడు బలం ఎక్కువ నిష్పత్తిలో పెరిగి, తోక లేచి, ముక్కు తనంతట దిగుతుంది. ముక్కు వంగితే దీనికి విపర్యయం. అయితే ఇది గురుత్వ కేంద్రం సరియైన చోట ఉన్నప్పుడే ఫలిస్తుంది. రెక్క ముందంచు నుండి వెడల్పులో నాలుగవ వంతు, మూడవ వంతుల నడుమ వ్రేళ్ళపై నిలిపితే నమూనా సమంగా నిలవాలి. తోక బరువైతే అది ఎన్నో దినాల శ్రమను తొలి ఎగురుటలోనే నేలపాలు చేయగలదు.

కావ్యాలలోని పుష్పకం తలచినచోటికి పోయేది. దానికి కొలతలతో పనిలేదు. బాల్సా కర్రతో చేసిన విమానానికి ఆ సౌకర్యం లేదు. రెండు రెక్కల కొనల నుండి తోక మధ్యబిందువుకు దారం పట్టి కొలిస్తే పొడవులు సమానంగా రావాలి. ఎదుట నిలిచి చూస్తే రెక్క, అడ్డ తోక ఒకదానికొకటి వాలక సమాంతరంగా కనబడాలి.

పరీక్షకు కూడా ఒక క్రమమున్నది. మొదట ఇంజను నడపక, గడ్డి నేలపై చేతితో మెల్లగా విసరాలి. నమూనా తిన్నగా జారి దిగితే రెక్క, తోక, బరువు సరిగా కుదిరినట్లే. ఆ పిమ్మట ఇంజను నడిపినప్పుడు మాత్రమే అది ప్రక్కకు మళ్ళినా, తల ఎత్తినా రెక్కను ముట్టుకోరాదు. ఇంజను బిగించిన మరల క్రింద పలుచని రేకుముక్క చేర్చి, కోణాన్ని కొద్దికొద్దిగా సవరించాలి.