పాత మసీదును కూల్చాలా, కాపాడాలా?

కిందటి నెల ఇషా నమాజు తర్వాత మా ఊరి పాత మసీదులో జమాఅత్ పెద్దలు సమావేశమయ్యారు. జుమా రోజున లోపల చోటు చాలడం లేదు. వెనుక వచ్చినవారు ఎండలో, వానలో వీధి మీదే సఫ్‌లు కడుతున్నారు. "దీన్ని తీసేసి మూడంతస్తులు కట్టేద్దాం మౌల్వీ సాబ్" అన్నాడొక యువకుడు. అతని బాధలో నిజముంది. మూలన కూర్చున్న మౌజన్ చాచా మాత్రం గోడను నిమురుతూ, "మా దాదా ఈ గోడకు సున్నం మోశారు బేటా" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. నిర్ణయం రంజాన్ తర్వాతకు వాయిదా పడింది.

ఇలాంటి చిక్కే ఢాకా సమీపంలోని కెరానీగంజ్ వాసులకూ వచ్చింది. అక్కడి దోలేశ్వర్ హనఫియా జామె మసీదు 1868లో కట్టినది. నమాజీలు పెరిగారు, చోటు చాలలేదు. వారు పాతదాన్ని పడగొట్టలేదు. పక్కనే కొత్త మసీదు కట్టుకుని, పాతదాన్ని శ్రద్ధగా బాగుచేసి గ్రంథాలయానికి, మక్తబ్‌కు ఇచ్చారు. 2021లో యునెస్కో ఆ పనిని గుర్తించి అవార్డు ప్రకటించింది.

ఈ ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డులను యునెస్కో 2000లో మొదలుపెట్టింది. యాభై ఏళ్లు దాటిన కట్టడాలను ప్రజలు, ప్రైవేటు సంస్థలు పూనుకుని కాపాడితే వీటిని ఇస్తారు. గొప్ప రాజభవనాలకే అనుకోకండి. ఇళ్లు, బజార్లు, మసీదులు, మందిరాలు అన్నీ ఇందులో ఉన్నాయి. బాగుచేసి తాళం వేస్తే చాలదు, ఆ కట్టడం మళ్లీ మనుషులకు పనికిరావాలి.

మన హైదరాబాదుకూ ఈ గౌరవం దక్కింది. 2010లో చౌమహల్లా ప్యాలెస్‌కు, 2022లో గోల్కొండ మెట్ల బావులకు ఈ అవార్డులు వచ్చాయి. కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలోని బడీ బావ్లీలో ఒక భాగం 2013 వానలకు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి బావులను శుభ్రం చేసి, పడిపోయిన రాళ్లను తిరిగి పేర్చి, సున్నంతో కట్టించాయి. ఇప్పుడు ఆ బావుల్లో వాననీరు నిలుస్తోంది, తోటలు తడుస్తున్నాయి. నీటికోసం బావి తవ్వించిన వారి పుణ్యం వందల ఏళ్ల తర్వాత మళ్లీ పారుతోంది. సదఖా జారియా అంటే ఇదే కదా!

సున్నం మాట వచ్చింది కనుక నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. ఒక ఊళ్లో పాత మసీదు గుంబద్ మీది గార గీకేసి, గట్టిగా ఉంటుందని సిమెంటు పూత వేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి గోడలు చెమ్మగిల్లి పెచ్చులు ఊడాయి. గానుగలో నూరిన సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. చందా ఇచ్చిన వారి ఉద్దేశం మంచిదే. తెలిసిన మేస్త్రీని అడగకపోవడమే పొరపాటు.

సోదరులారా! వక్ఫ్ ఆస్తికి మనం యజమానులం కాము, అమానతుదారులం. కట్టించినవారు దాన్ని మన తరానికే కాదు, మన తర్వాతి వారికీ వదిలి వెళ్లారు. నిజంగా కూలే ప్రమాదముంటే జనాన్ని వెంటనే ఖాళీ చేయించాల్సిందే, ప్రాణం కన్నా గోడ ఎక్కువ కాదు. కాని "పాతబడింది" అన్న ఒక్క మాటతో పలుగు ఎత్తకండి. ముందు సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీరుకు చూపించండి. తలుపు మీది ఫార్సీ శిలాఫలకాన్ని చదివించి రాసిపెట్టుకోండి. పక్కన ఖాళీ స్థలం ఉందేమో, వెనుక వరండా వేయవచ్చేమో కొలిచి చూడండి.

రంజాన్ తర్వాత మా పెద్దలు మళ్లీ కూర్చుంటారు. నేను ఆ యువకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, మసీదు వెనుక ఉన్న వక్ఫ్ జాగా కొలిచి వచ్చాను. రెండు వందల మందికి సరిపోతుంది. ఏ అవార్డూ మాకు రానక్కరలేదు. చాచా దాదా మోసిన సున్నం నిలిస్తే చాలు. ఆ యువకుడి సఫ్‌కూ నీడ దొరకాలి.